మరణ పత్రంలో కానరాని కారణం

పార్లమెంటు శీతకాల సమావేశాలూ, రాజధాని మీద కమ్ముకునే పొగా ఏటా ఇంచుమించు ఒకేసారి మొదలవుతాయి. సభ్యులు కొందరు ముక్కుకు గుడ్డ కట్టుకుని మెట్లెక్కడం, ఫోటోగ్రాఫర్లు వారి చుట్టూ మూగడం, ప్రతిపక్షం నుంచి ఎవరో ఒకరు లేచి వాయు కాలుష్యం మూలంగా దేశంలో ఎందరు మరణించారని అడగడం, అందుకు ఒక సమాధానం రావడం ఇప్పుడొక ఆనవాయితీ అయిపోయింది. మంత్రులు మారుతున్నారు గాని సమాధానం మారడం లేదు. అనేక కారణాలలో కాలుష్యం ఒకటి మాత్రమేననీ, ఫలానా మరణం కేవలం దానివల్లనే సంభవించిందని చెప్పగల నిశ్చయమైన సమాచారం లేదనీ దాని సారాంశం.

2017లో అప్పటి పర్యావరణ మంత్రి డాక్టర్ హర్షవర్ధన్, ఏ మరణ ధ్రువపత్రం మీదనైనా కారణం కాలుష్యమని రాసి ఉంటుందా అన్న అర్థం వచ్చేట్లు మాట్లాడారు. ఆయన స్వయంగా వైద్యుడు. 2019 డిసెంబరులో ప్రకాశ్ జవదేకర్ లోక్‌సభలో, కాలుష్యం వల్ల ఆయుర్దాయం తగ్గుతుందని భారతీయ అధ్యయనమేదీ చూపలేదని చెప్పి, ప్రజలలో భయాందోళనలు రేపవద్దని సభకు హితవు పలికారు. సరిగ్గా ఏడాది ముందు, అనగా 2018 డిసెంబరులో, భారత వైద్య పరిశోధన మండలి భాగస్వామిగా వెలువడిన అధ్యయనం 2017లో దేశంలో 12 లక్షల 40 వేల మరణాలకు వాయు కాలుష్యం కారణమని అంచనా కట్టింది. సగటు ఆయుర్దాయం ఆ మేరకు ఏడాదిన్నరకు పైగా కుంగిందని కూడా చెప్పింది. ఆ మండలి విదేశీ సంస్థ కాదు. అప్పట్లో నిర్మాణ్ భవన్‌లో ఉన్న ఆరోగ్య శాఖ పరిధిలో పనిచేసే సంస్థ. ఒక భవనంలోని కాగితం రెండవ భవనానికి చేరడానికి ఏడాది చాలకపోవడం ఢిల్లీలో వింత కాదు.

మంత్రుల వాదనలో న్యాయమైన అంశం బొత్తిగా లేకపోలేదు. లక్షల సంఖ్యలో చెబుతున్న ఈ మరణాలు శవాలను లెక్కపెట్టి తేల్చినవి కావు, గణిత పద్ధతుల మీద ఆధారపడిన అంచనాలు. ఒక అధ్యయనానికీ మరొక అధ్యయనానికీ తేడా లక్షలలో ఉంటుంది. కాని 2024లో వెలువడిన మరొక పరిశీలన ఈ అభ్యంతరానికి చాలావరకు జవాబు చెప్పింది. అది హైదరాబాదు, ఢిల్లీ, చెన్నై, వారణాసి మొదలైన పది భారతీయ నగరాలలో 2008 నుంచి 2019 వరకు నమోదైన 36 లక్షల మరణాలను రోజువారీగా తీసుకుని, ఆయా రోజుల గాలితో సరిపోల్చి చూసింది. గాలిలో సూక్ష్మ ధూళి ఘనపు మీటరుకు పది మైక్రోగ్రాములు పెరిగితే ఆ రోజూ మరునాడూ మరణాలు సుమారు ఒకటిన్నర శాతం పెరుగుతున్నాయని తేలింది. కాలుష్యం తక్కువగా ఉన్న నగరాలలో ఈ పెరుగుదల మరింత హెచ్చుగా కనిపించింది. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

ఆ మరణించినవారి పత్రాల మీద ఏమి రాసి ఉంటుంది? చాలామంది పాఠకులు ఊపిరితిత్తుల జబ్బు అనుకుంటారు. పొగ అంటే దగ్గు, దగ్గు అంటే ఊపిరితిత్తి అన్నది మన మనసులో స్థిరపడిన సమీకరణం. వాస్తవం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో బయటి గాలి కాలుష్యం వల్ల సంభవించిన అకాల మరణాలలో 68 శాతం గుండె జబ్బు, పక్షవాతాల రూపంలో వచ్చినవే. ఊపిరితిత్తుల క్యాన్సరు వాటా నాలుగు శాతం. అంటే ఈ పొగ ప్రధానంగా గుండెకూ, రక్తనాళాలకూ శత్రువు. నవంబరు నెలలో తెల్లవారుజామున ఒక అరవై ఏళ్ళ మనిషి కుప్పకూలితే డాక్టరు గుండెపోటు అని రాస్తాడు. ఆయన రాసినదాంట్లో తప్పేమీ లేదు. అయితే ఆ గుండెపోటు అదే వారంలో ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు ఆ పత్రంలో గడి లేదు. పైగా మన దేశంలో నమోదైన మరణాలలో వైద్యుడు కారణం ధ్రువీకరించేది సుమారు అయిదవ వంతుకు మాత్రమే. మిగిలిన నాలుగు వంతులకు ఏ కారణమూ వైద్యుని చేతిమీదుగా నమోదు కాదు. పత్రమే లేని చోట పత్రాన్ని సాక్ష్యంగా అడగడం ఏపాటి న్యాయమో చట్టసభలవారే చెప్పాలి.

ధ్రువపత్రం మీద ఆ మాట ఎక్కడా ఎక్కలేదని కూడా అనడానికి వీలులేదు. లండన్‌లో రద్దీ రహదారి సమీపంలో నివసించి 2013లో తొమ్మిదేళ్ళ వయసున ఉబ్బసంతో మరణించిన ఎల్లా కిస్సీ-డెబ్రా కేసులో, తల్లి ఏళ్ళ తరబడి పోరాడిన మీదట, 2020 డిసెంబరులో విచారణాధికారి మరణ కారణాలలో ఒకటిగా వాయు కాలుష్యాన్ని చేర్చారు.

ఇక పొగ గుండెకు చేసే హాని ఎటువంటిదో చూద్దాం. గాలిలో ఎగిరే దుమ్ములో ముతక రేణువులను ముక్కూ గొంతూ చాలావరకు అడ్డుకుంటాయి. కళ్ళకు కనిపించేదీ, తుమ్ము తెప్పించేదీ అదే. ప్రమాదం 2.5 మైక్రాన్లకు లోబడిన కణాలతో. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఈ కణాల పరిమాణం మన తలవెంట్రుక మందంలో ముప్పయ్యవ వంతు. వీటినే పి.ఎం. 2.5 అంటున్నారు. డీజిలు పొగలో, బొగ్గు పొగలో, పొయ్యి పొగలో, గడ్డి మంటలో పుట్టేవి ఎక్కువగా ఇవే. ఇవి ఊపిరితిత్తుల చిట్టచివరి గాలితిత్తుల దాకా చొరబడతాయి. అక్కడ శరీరం వాటిని శత్రువులుగా భావించి పోరుకు దిగుతుంది. ఆ పోరులో పుట్టిన వాపు రసాయనాలు రక్తంలో కలసి ఒళ్ళంతా తిరుగుతాయి. రక్తనాళాల లోపలి పొర సాగే గుణం కోల్పోతుంది. రక్తం త్వరగా గడ్డకట్టే స్థితికి వస్తుంది. గుండె లయను అదుపుచేసే నాడీవ్యవస్థ కలత చెంది రక్తపోటు పెరుగుతుంది. ధమనుల గోడలలో ఏళ్ళ తరబడి పేరుకున్న కొవ్వు గడ్డ అటువంటి రోజున చిట్లితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

అంతకంటె సూక్ష్మమైన కణాలు నేరుగా రక్తంలోకే దాటిపోతాయి. దీనిని ఎడిన్‌బరో శాస్త్రజ్ఞులు, డచ్చి సహచరులతో కలసి 2017లో చక్కని ఉపాయంతో రుజువు చేశారు. మసి కణాన్ని రక్తంలో వెదికి పట్టుకోవడం కష్టం గనుక, ఆరోగ్యవంతులైన యువకుల చేత అదే ప్రమాణంలోని హానిలేని బంగారు రేణువులను పీల్పించారు. 15 నిమిషాలలోనే కొందరి రక్తంలో బంగారం కనిపించింది. మూడు నెలల తరువాత కూడా జాడ పోలేదు. మెడ ధమనికి శస్త్రచికిత్స జరగవలసిన రోగులకు ముందురోజు అదే బంగారం పీల్పిస్తే, కోసి తీసిన కొవ్వు గడ్డలో అది దొరికింది. గాలిలోని కణం ఎక్కడ ఎక్కువ హాని చేయగలదో అక్కడికే వెళ్ళి కూర్చుంటున్నదన్నమాట. ఎడిన్‌బరో శాస్త్రజ్ఞులే 2007లో ప్రకటించిన ప్రయోగంలో, లోగడ గుండెపోటు వచ్చి కోలుకున్న ఇరవైమందిని పలుచని డీజిలు పొగలో తేలికపాటి వ్యాయామం చేయించగా, గుండె కండరానికి రక్తం చాలని సూచనలు ఇ.సి.జి.లో స్పష్టంగా హెచ్చాయి. ఆ పొగ మోతాదు రద్దీ రోడ్డు మీద ఎవరికైనా ఎదురయ్యేదే.

ఈ విజ్ఞానం కొత్తదేమీ కాదు. 1952 డిసెంబరులో లండన్‌ను అయిదు రోజుల పాటు కమ్మిన బొగ్గు పొగ నాలుగు వేలమందిని బలిగొన్నదని మొదట అనుకున్నారు, తరువాతి లెక్కలు పన్నెండు వేల దాకా వెళ్ళాయి. 1956లో బ్రిటిష్ పార్లమెంటు గాలి చట్టం చేసింది. 1993లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారు ఆరు పట్టణాలలో ఎనిమిది వేలమందిని పద్నాలుగు పదహారేళ్ళు వెన్నంటి చూసి, అతి మురికి గాలి ఉన్న పట్టణంలో మరణాల రేటు అతి శుభ్రమైన పట్టణంలోకంటె 26 శాతం అధికమని ప్రకటించారు. పరిశ్రమలవారు ఆ లెక్కల మీద ఏళ్ళ తరబడి వివాదం చేశారు. స్వతంత్ర సంస్థ తిరిగి లెక్కించినా ఫలితం మారలేదు.

రాజకీయంగా నాకు అన్నిటికంటె ఆసక్తి కలిగించేది బీజింగ్ ఉదంతం. 2008 ఒలింపిక్ క్రీడల కోసం చైనా ప్రభుత్వం కర్మాగారాలు మూయించి, సగం కార్లు రోడ్డెక్కకుండా చేసినప్పుడు, ఆ నగరంలోని 125 మంది ఆరోగ్యవంతులైన యువ వైద్యులను క్రీడలకు ముందూ, క్రీడల సమయంలోనూ, తరువాతా పరీక్షించారు. గాలి తేటపడిన కొద్ది వారాలలోనే, రక్తం గడ్డకట్టే తత్వాన్ని సూచించే పదార్థాలు వారి రక్తంలో తగ్గాయి. క్రీడలు ముగిసి కర్మాగారాలు తెరుచుకోగానే మళ్ళీ పెరిగాయి. మనిషి రక్తం ప్రభుత్వ ఉత్తర్వును అంత త్వరగా పాటిస్తుందని ఎవరూ ఊహించి ఉండరు.

మన తెలుగువారికి ఈ కథలో చిన్నదికాని స్థానం ఉన్నది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, విదేశీ విశ్వవిద్యాలయాలతో కలసి, నగరానికి దక్షిణాన ఉన్న 28 గ్రామాలలోని కుటుంబాలను దశాబ్దాలుగా గమనిస్తున్నది. 1980ల చివర అక్కడి గర్భిణులకూ, పసిపిల్లలకూ పోషకాహారం ఇచ్చి చేసిన ప్రయోగం దీనికి పునాది. ఆ గ్రామాలలో మూడు వేల పైచిలుకు స్త్రీ పురుషుల మెడ ధమని గోడ మందాన్ని కొలిచి, వారు పీల్చే గాలితో పోల్చి 2019లో ఫలితాలు ప్రకటించారు. సూక్ష్మ ధూళి ఎక్కువ ఉన్న చోట ధమని గోడ మందం కూడా ఎక్కువగా ఉన్నది. గోడ మందమెక్కడమంటే గుండెపోటుకూ, పక్షవాతానికీ దారి సిద్ధమవుతున్నదని అర్థం. కట్టెలు, పిడకలు వంటచెరుకుగా వాడే ఇళ్ళలో, ముఖ్యంగా ఆడవారిలో, ఇదే మార్పు కనిపించింది.

గమనించవలసింది ఏమంటే, ఆ గ్రామాలలో సూక్ష్మ ధూళి ఏడాది సగటు 32 మైక్రోగ్రాముల పైచిలుకు. కేంద్ర ప్రభుత్వం 2009లో నిర్ణయించిన జాతీయ పరిమితి 40. అంటే మన చట్టం మంచిదని ఒప్పుకున్న గాలిలోనే, పొలం పనులు చేసుకునే రైతుల ధమనులు మందమెక్కుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన ప్రమాణాన్ని 10 నుంచి 5కు తగ్గించింది. మన అంకె మాత్రం 2009 నుంచి కదలలేదు. ఢిల్లీలో ఇటీవలి సంవత్సరాల సగటు నూరు దరిదాపుల ఉంటున్నది.

ఇంతకుముందు వాయిదా వేసిన సంగతి ఇక్కడ చెప్పాలి. గుండెకు జరిగే హాని ధూళితో సమంగా పెరగదు. మొదటి ఇరవై, ముప్పయి మైక్రోగ్రాముల దగ్గరే నిట్టనిలువుగా లేచి, ఆ మీదట వాలు తగ్గుతుంది. దీనికి రెండు అర్థాలున్నాయి. నూరు నుంచి ఎనభైకి దించి విజయోత్సవం జరుపుకుంటే ఢిల్లీవాసి గుండెకు కలిగే లాభం అతి స్వల్పం. ముప్పయిలలో ఉన్న తెలుగు పట్టణాన్ని పదిహేనుకు దించితే కలిగే లాభం ఎంతో అధికం. గాలి సమస్య ఢిల్లీది, మనకేమిటి అనుకునే తెలుగు నాయకులకు ఈ లెక్క తెలియడం అవసరం.

ఆర్.కె.పురంలో నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉద్యోగి ఉన్నారు. గుంటూరు జిల్లావారు. గుండెకు స్టెంటు వేయించుకున్నారు. మొన్న కనిపించినప్పుడు "ఏమండీ, పొద్దున్నే నడవడం మానేశారా?" అని అడిగాను. "ఏం చెయ్యమంటారు! నడవకపోతే చస్తావన్నదీ ఆ డాక్టరే, నవంబరులో నడిస్తే చస్తావన్నదీ ఆ డాక్టరే. ఇంట్లో వసారాలో ఇటు పదడుగులూ అటు పదడుగులూ వేస్తున్నాను" అన్నారు నవ్వుతూ. ఆయనకు పింఛను ఉన్నది, వసారా ఉన్నది. ఆ ఇంటి వీధి మలుపులో రాత్రంతా కాపలా కాసే బీహారీ చౌకీదారుకు చలికి తోడు కట్టెల మంట ఒక్కటే. అది కూడా కాలుష్యమని ఆంక్షలు పెట్టినప్పుడు, దానికి బదులు ఒక విద్యుత్ హీటరు ఇవ్వవలసిన బాధ్యత ఎవరిదన్న వాదం మొదలవుతుంది. మంత్రుల గదులలోనూ, కార్యదర్శుల గదులలోనూ గాలిని శుద్ధిచేసే యంత్రాలు ఎప్పుడో వెలిశాయి. రిక్షా తొక్కేవాడు ఎక్కువ శ్రమ చేస్తాడు గనుక ఎక్కువ గాలి పీలుస్తాడు, ఎక్కువ కణాలు మింగుతాడు. అతని గుండె సంగతి ఏ సర్వేకు అందుతుందో తెలియదు.

చట్టాలకు లోటు లేదు. 1981లో వాయు కాలుష్య నివారణ చట్టం వచ్చింది. 1984 భోపాల్ దుర్ఘటన తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1998లో ఆదేశించగా, 2002 చివరికి ఢిల్లీ బస్సులన్నీ సి.ఎన్.జి.కి మారాయి. నిజంగా జరిగిన పెద్ద పని అదొక్కటే. ఆ తరువాత కార్ల సంఖ్య పెరిగి ఆ లాభాన్ని మింగివేసింది. 2021 ఆగస్టులో కన్నాట్ ప్లేస్ దగ్గర కోట్ల ఖర్చుతో గాలిని వడగట్టే గోపురం ఒకటి నిలబెట్టారు. 2025 అక్టోబరులో మేఘమథనం చేయించారు, వాన మాత్రం రాలేదు. అదే నెలలో దీపావళికి హరిత బాణసంచాను సుప్రీంకోర్టు అనుమతించింది. గాలి నాణ్యత సూచిక 500 దగ్గర ఆగిపోతుంది గనుక, ఆపైన ఎంత ఉన్నా అధికారికంగా 500 మాత్రమే.

పంజాబు రైతును దోషిగా నిలబెట్టడం రాజధానిలో సులువైన పని. అతడు గడ్డి తగులబెట్టే మాట నిజం. కొన్ని నవంబరు రోజులలో ఢిల్లీ ధూళిలో మూడవ వంతుకు పైగా ఆ మంటలదే అయిన సందర్భాలున్నాయి. కాని సంవత్సరం మొత్తం మీద దాని వాటా స్వల్పం. పైగా మంట నవంబరుకు జరగడానికి కారణం ఒక ప్రభుత్వ చట్టమే. భూగర్భజలాన్ని కాపాడటానికి 2009లో పంజాబు, హర్యానాలు వరినాట్లను జూన్ రెండవ వారం దాకా నిషేధించాయి. నాట్లు జరిగితే కోతలు జరుగుతాయి. గోధుమ విత్తడానికి మిగిలేది రెండు మూడు వారాలు. అప్పటికి గాలి కదలిక ఆగిపోయి, చల్లని పొర మూతలాగ కప్పుకుంటుంది. వరి వద్దంటే బదులు పంటకు గిట్టుబాటు ధర చూపాలి. ఆ మాట ఎత్తిన వెంటనే చర్చ ముగుస్తుంది.

పొగ వాఘా దగ్గర ఆగదు. 2024 నవంబరులో లాహోరు సూచిక వెయ్యి దాటి బడులు మూసివేశారు. అంతకు కొద్దిముందే పాకిస్తానీ పంజాబు ముఖ్యమంత్రి మరియం నవాజ్ భారత పంజాబుతో కలసి పనిచేయాలన్నారు. స్పందన లేదు. 1998లో మాలేలో భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్ సహా ఎనిమిది దేశాలు సరిహద్దులు దాటే కాలుష్యం మీద ప్రకటన చేశాయి. అందులో విధిగా పాటించవలసింది ఏమీ లేదు. సార్క్ శిఖరాగ్ర సమావేశం 2014 తరువాత జరగనే లేదు. ప్రచ్ఛన్నయుద్ధం సాగుతుండగానే, 1979లో, సోవియట్ యూనియన్, పశ్చిమ ఐరోపా దేశాలు జెనీవాలో ఇటువంటి ఒడంబడిక మీద సంతకాలు చేశాయని గుర్తుచేస్తే, విదేశాంగ శాఖ అధికారులు మర్యాదగా నవ్వి ఊరుకుంటారు.

ఇక 2019 జనవరిలో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం. దీని జాబితాలో 131 నగరాలున్నాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, కర్నూలు, కడప మొదలుకొని 13, తెలంగాణ నుంచి హైదరాబాదు, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి అందులో చేరాయి. 2017 స్థాయి మీద 40 శాతం తగ్గింపు సాధించడానికి పెట్టుకున్న గడువు 2025-26. అయితే నగరాల ప్రగతిని బేరీజు వేస్తున్నది పి.ఎం. 10తో, అంటే ముతక దుమ్ముతో. అందుచేత నిధులు రోడ్లు ఊడ్చే యంత్రాలకూ, నీళ్ళు చల్లే బండ్లకూ, ఫుట్‌పాత్‌లకూ పోయాయి. 2024లో విజ్ఞాన పర్యావరణ కేంద్రం చేసిన సమీక్ష ప్రకారం ఖర్చులో 64 శాతం రోడ్ల దుమ్ము మీదనే అయింది. పరిశ్రమల పొగ మీద పెట్టినది ఒక్క శాతం కూడా లేదు. థర్మల్ కేంద్రాల గంధక వాయువు గాలిలో సూక్ష్మ ధూళిగా మారుతుందని తెలిసి 2015లో విధించిన నిబంధనకు గడువులు పొడిగిస్తూ వచ్చి, చివరకు 2025 జూలైలో నాలుగింట మూడు వంతులకు పైగా కేంద్రాలను గంధకం తొలగించే యంత్రాల బాధ్యత నుంచి మినహాయించారు.

లోక్‌సభలో తెలుగు సభ్యులు 42 మంది. వారిలో కొందరి మద్దతు ఇప్పటి కేంద్ర ప్రభుత్వానికి ఎంత అవసరమో పాఠకులకు విదితమే. ఎందరు మరణించారన్న ప్రశ్న ఎవరు వేసినా పాత సమాధానమే వస్తుంది. జాబితాలోని మన 17 పట్టణాలలో పి.ఎం. 2.5ను నిత్యం కొలిచే కేంద్రాలు ఒక్కొక్క ఊరిలో ఎన్ని ఉన్నాయి, గత అయిదేళ్ళ సగటులు ఎంత, 40 అన్న జాతీయ పరిమితిని తిరిగి నిర్ణయించే ప్రతిపాదన ఏ బల్ల మీద ఉన్నది అని రాతపూర్వకంగా అడిగితే, అంకెలతోనే జవాబు చెప్పవలసి వస్తుంది. అటువంటి ప్రశ్న వేయదలచిన సభ్యుడు పదిహేను రోజుల ముందు నోటీసు ఇస్తే సరిపోతుంది.